లేపిన రోజు, పడుకోబెట్టిన రోజు

నలభై ఒకటో కోత. లేపిన రోజు.

ఇది మా వెట్టి విమోచన సంఘం పుస్తకం కాదు. సంఘం పుస్తకంలో పేర్లు, రోజులు తప్ప ఇంకేం రాయకూడదు. నాకేమో ఈ మధ్య కడుపులో చాలా పేరుకుపోయింది. అందుకని ఈ నోటుపుస్తకం తెచ్చుకున్నాను. ఇందులో నా ఇష్టమొచ్చినట్టు రాసుకుంటాను.

ఇవాళ నిద్రకొట్టంలో మూడు వందల నాలుగు పెట్టెలు తెరిచాం. మూత లేవగానే వచ్చే ఆ వాసన నలభై ఏళ్ళుగా నా ముక్కులోనే కాపురం ఉంది. పులిసిన గంజి, తడి ఇనుము, దాని వెనకాల మనిషి. ఒక్కొక్కళ్ళనూ కూర్చోబెట్టి, నుదురు పట్టుకుని, బకెట్టు పెడితే పసుపుపచ్చగా కక్కుతారు. ఆ తరవాత కంబళి కప్పి కంచె పక్కన ఎండలో కూర్చోబెడతాం. సాయంత్రానికి కాళ్ళు నిలవగానే ఉప్పునార చేలో గట్లు సరిచేయడానికి పంపిస్తారు.

నూకాలు పెట్టె మధ్య వరసలో ఉంది. దాని పక్క పెట్టె ఖాళీ. అది సోములమ్మది. నాలుగేళ్ళ కింద, విడుదలకు ఇంకా నలభై ఒక్క రోజులు ఉండగా, చేలో మోపు ఎత్తుకుంటూ పడిపోయింది.

నూకాలు కళ్ళు తెరిచి, కక్కి, నోరు తుడుచుకుని మొదట అడిగిన మాట: “బుల్లెమ్మా, ఇంకెన్నాళ్ళు?”

నేనీ కొట్టానికి లెక్కరాసే మనిషిగా వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, నూకాలుకు ఇరవై. అందుకే బుల్లెమ్మనయ్యాను. ఇప్పుడు నాకు యాభై ఎనిమిది, జుట్టు మొత్తం ముగ్గుబుట్ట. నూకాలు ఒంటికి ఇంకా ఇరవై ఏడు. అయినా నేను బుల్లెమ్మనే.

“అరవై,” అన్నాను.

“అరవయ్యేనేటి! మరైతే ఈ కోతకే అయిపోద్ది!” అని బకెట్టు పక్కనే నవ్వింది. “దాలయ్య వొచ్చినాడేటి?”

“కంచె దగ్గరే ఉన్నాడు.”

“ముసిలోడైపోనాడు పాపం. నాను పండి లేసిన పెతిసారీ ఓ ఏడు మింగేసి కూకుంటన్నాడు.”

దాలయ్య నూకాలు మొగుడు. ఇద్దరిదీ ఒకే ఈడు. అతన్ని రేవులో బరువులు మోయడానికి పెట్టారు. రేవులో ఏడాది పొడుగునా పని ఉంటుంది కనక అతన్ని ఎప్పుడూ నిద్రపుచ్చలేదు. పుట్టిన నాటి నుంచి లెక్కేసే పదివేల మెలకువ రోజులూ ఏడేళ్ళలో పూర్తయి విడుదలయ్యాడు. నూకాలు కోతమనిషి. కోత అరవై అయిదు రోజులు, మిగతా ఏడాదంతా పెట్టెలో. దాలయ్యకిప్పుడు అరవై నిండాయి. ఊపిరితిత్తుల నిండా ఉప్పు. మహా అయితే రెండేళ్ళన్నాడు, విడుదలైనవాళ్ళుండే విడుదలపేటలో వైద్యుడు. ఆ మాట నూకాలుకు నేను చెప్పలేదు, అతనూ చెప్పి ఉండడు.

సంఘం పుస్తకంలో నూకాలు పేరు ఎదురుగా: 9,940. ఇవాళ్టిది లెక్కలోకి రాదు. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంగేదాకా మెలకువగా ఉంటేనే రోజు. అది నేను పెట్టిన నియమమే.


కోత మూడో రోజు.

కామందు చిన్నరాయుడు కొత్త యంత్రం దించాడు. దువ్వెన బండి అని పేరు పెట్టారు. ఆరు పెద్ద ఇనుప దువ్వెనలు, వెనక ఆవిరి గొట్టం. ఉప్పునార కాడల మీద ముళ్ళగింజలుంటాయి. చేత్తో ఒలిస్తే వేళ్ళు చీరుకుపోతాయి, పైగా ఆ పుండ్లలో ఉప్పు. ఈ బండి చాలులో నడుచుకుంటూ వెళ్తే వెనకాల శుభ్రమైన నార కుప్పగా పడుతుంది. నలభై మంది రోజంతా చేసేది గంటలో అయిపోయింది.

ప్రారంభోత్సవానికి మా వెట్టి విమోచన సంఘం అధ్యక్షులు కోదండపాణి గారు వచ్చారు. మెడలో దండ, ఒంటి మీద మెత్తటి ఉప్పునార చొక్కా. “ఇకమీదట ఏ ఒక్క వేలూ తెగదు. సంస్కరణ అంటే ఇదీ!” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

నూకాలు పని అయ్యాక వచ్చి, పది వేళ్ళూ చాచి చూపించింది. “సూడు బుల్లెమ్మా, ఒక్క గాటు నేదు. దాలయ్య సేతులు అట్టుకుంటే గరుకుగా లేవంతాడు.” నిజంగానే సంతోషించాను. నా బుర్రకి ఇంకేమీ తట్టలేదు.


కోత తొమ్మిదో రోజు.

చేను ఖాళీ అయిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఆఖరి చాలు అయిపోతే, మూడు వందల నాలుగు మందీ గట్టు మీద నిలబడి బోడి నేల కేసి చూస్తున్నారు. ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. మేస్త్రీ వచ్చి రేపు పెట్టెలు సిద్ధం చేయమన్నాడు.

నూకాలు నా దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. “అదేటి, సేను అయిపోనాది?”

“అయిపోయింది.”

“మరి నా రోజులు?”

ఏడాదికి తొమ్మిదేసి రోజులు. ఇంకా యాభై ఒకటి కావాలి. అంటే ఆరు కోతలు. ఆరు వేళ్ళు చూపించాను. నూకాలు నా వేళ్ళ కేసి చూసింది, తరవాత కంచె కేసి చూసింది. అక్కడ దాలయ్య దగ్గుతూ నిలబడి ఉన్నాడు.


పడుకోబెట్టిన రోజు.

పొద్దున కొట్టం కడిగించి, కంబళ్ళు ఉతికించి, మధ్యాహ్నం నుంచి పెట్టెల్లోకి ఎక్కించాం.

నూకాలు తన పెట్టె దగ్గర నిలబడిపోయింది. “బుల్లెమ్మా, నన్ను మేలుకోనీ. ఊరికే ఓ మూల కూకుంటాను. తిండి ఎట్టొద్దు. దాలయ్యే కంచెలోంచి ఏదో అందిత్తాడు. నా రోజులు నన్ను కూకుని గడుపుకోనీ.”

“పని లేకుండా ఎవర్నీ మేలుకుని ఉండనివ్వకూడదు నూకాలూ. కమతం నిబంధన.”

“నిబంధన ఎవులు రాసినారు?”

“కామందులు రాశారు. సంఘం ఒప్పుకుంది.”

“నువ్వు సంఘమే కదేటి?”

మూత ఎత్తి పట్టుకున్నాను. ఎక్కింది. మూత నేనే వేశాను. నలభై ఏళ్ళుగా ఈ చేతులే వేస్తున్నాయి. ఇవాళ మాత్రం చేతులు మూడుసార్లు కడుక్కున్నాను, అయినా ఏదో అంటుకున్నట్టే ఉంది. పుస్తకంలో రాశాను: 9,949. ఇవాళ్టిది లెక్కలోకి రాదు.


కోత అయిన పన్నెండో రోజు.

కోదండపాణి గారింటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. గోడ మీద పటం కట్టించిన పాత కాగితం ఉంది. అది మా సంఘం వేదం లాంటిది, దాన్ని వెతికి తెచ్చింది నేనే.

భూమి మీద అమెరికా అనే దేశంలో, న్యూయార్క్ అనే రాష్ట్రం 1799లో ఒక చట్టం చేసింది. ఆ ఏడాది జూలై నాలుగు తరవాత బానిస తల్లులకు పుట్టిన పిల్లలు మగవాళ్ళైతే ఇరవై ఎనిమిదో ఏట, ఆడవాళ్ళైతే ఇరవై అయిదో ఏట విడుదల. మమ్మల్ని ఈ నేలకు తెచ్చిన ఓడ గ్రంథాలయంలో దొరికిన చరిత్ర పుస్తకంలో ఆ పేజీ చూసి, పద్దెనిమిదేళ్ళ నేను సంఘం ఆదివారం సభలో గొంతెత్తి చదివాను. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లలోనే పుస్తకం మూసేశాను. ఓడ కింది అరల్లో వచ్చినవాళ్ళ సంతతికి వెట్టి ఎప్పటికీ తీరదనుకుంటున్న రోజులవి. ఆ పేజీని చూసే మన చట్టం రాశారు. పదివేల మెలకువ రోజులు, తరవాత విడుదల. “నిద్రపోతున్నవాడు వెట్టి చేయడం లేదు కదా, ఆ రోజులు ఎందుకు కలపాలి?” అని కామందులు అడిగారు. న్యాయంగానే ఉందనుకుని సంఘం ఒప్పుకుంది. మర్నాడే గోదాముల్లోంచి ఓడ నిద్రపెట్టెలు బయటికొచ్చాయి.

“తొమ్మిది రోజుల కోతతో ఎవరూ ఎప్పటికీ విడుదల కారండీ,” అన్నాను.

“ఎప్పటికీ అనకు తిలోత్తమా. ఆలస్యమవుతుంది, అంతే.”

“నూకాలు మొగుడు రెండేళ్ళు కూడా బతకడు.”

“బాధే. కానీ చట్టం మనది. మనం రాసుకున్నదాన్ని మనమే తిరగరాయమంటే కామందులు ఊరుకుంటారా? మొత్తానికే పాడవుతుంది. నెమ్మదిగా వెళ్దాం.” కాఫీ గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి, “వార్షికోత్సవం ఇంకో పది రోజుల్లో ఉంది. నలభయ్యోది. ఆ పేజీ నువ్వే చదవాలి, ఏటా చదివినట్టే. కొత్త చీర కట్టుకుని రా,” అన్నారు.

ఇంటి మలుపు తిరిగాక ఆ కాఫీ అంతా మురుగు కాలవ పక్కన కక్కేశాను. పెట్టెలో నుంచి లేచినవాళ్ళలాగే పసుపుపచ్చగా.


పదమూడో రోజు.

ఆ చరిత్ర పుస్తకం మిగతా సగం ఇవాళ చదివాను. నలభై ఏళ్ళ తరవాత.

ఆ పేజీ తిప్పితే అవతలే ఉంది. విడుదల గడువు దగ్గర పడుతున్నవాళ్ళను కొందరు యజమానులు గుట్టుచప్పుడు కాకుండా దక్షిణాది రాష్ట్రాలకు దాటించి అమ్మేశారు. అలా చేయకూడదని చట్టాలున్నా చేశారు. దక్షిణాన ఏ గడువూ లేదు. అక్కడ పత్తిలో గింజ తీసే యంత్రం వచ్చింది. గింజ తీయడం సులువైంది కనక పత్తి పొలాలు వందల మైళ్ళు పరుచుకున్నాయి, ఆ పొలాలకు చేతులు కావాల్సి వచ్చాయి. యంత్రం వస్తే బానిసకు విశ్రాంతి దొరుకుతుందని అనుకున్నవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు.

ఒక్క పేజీ. తిప్పలేదు. నా గొంతు బాగుందని అందరూ మెచ్చుకుంటుంటే అక్కడే ఆగిపోయాను. నా మీద నాకే రోత పుట్టింది.


పదిహేడో రోజు.

చిన్నరాయుడు చీటీ పంపాడు. పద్నాలుగు పెట్టెలు దక్షిణ రేవుకు తరలించాలట. అక్కడ దువ్వెన బండ్ల కోసం కొత్తగా వేల ఎకరాలు చదును చేస్తున్నారు, ఏడాది పొడుగునా మనుషులు కావాలట. వార్షికోత్సవం మర్నాడు పడవ. కింద పద్నాలుగు పేర్లు. చూడగానే అర్థమైంది. పుస్తకంలో వంద రోజుల్లోపు మిగిలి ఉన్నవాళ్ళందరూ ఉన్నారు, ఇంకెవరూ లేరు. నూకాలుది ఆరో పేరు. దక్షిణ రేవులో మన చట్టం లేదు.

చీటీ పట్టుకుని చిన్నరాయుడి కచేరీకి వెళ్ళాను. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదగానే లేచి నిలబడ్డాడు.

“వీళ్ళనే ఎందుకు పంపిస్తున్నారు?”

“అనుభవం ఉన్నవాళ్ళు కదండీ తిలోత్తమ గారూ. పైగా నిద్రలోనే వెళ్తారు, ప్రయాణం బడలిక కూడా ఉండదు. కోదండపాణి గారు సంతకం చేశారు, చూడండి.”

చూశాను. “అక్కడ కూడా మెలకువ రోజులు లెక్కపెడతారని కామందుగారు మాట ఇచ్చినందున సంఘానికి అభ్యంతరం లేదు.” గుండ్రటి అందమైన సంతకం. నిద్రలో ఉన్న మనుషుల్ని సామాన్ల కింద జమ కట్టే కాగితం మీద కూడా ఆయన అక్షరం వంకర పోదు. ఆ కాగితాన్ని వేలితో తాకాలంటే కూడా అసహ్యం వేసింది.


పద్దెనిమిదో రోజు.

దాలయ్యకు చెప్పక తప్పదని విడుదలపేట వెళ్ళాను. ఒక గది ఇల్లు, ముందు గోంగూర మడి. మంచం మీద రెండు దిండ్లున్నాయి. ఒకటి ఎవరూ తల పెట్టనిది.

చెప్పాను. అతను చాలాసేపు దగ్గి, తరవాత అన్నాడు: “అమ్మగారూ, దానికి నిజంగా అన్ని రోజులు మిగిలున్నాయేటి?”

“యాభై ఒకటి. పుస్తకంలో ఉంది.”

“నాకు సదువు రాదు. నా పుస్తకం ఇదిగో.” మంచం కింద నుంచి గోనెసంచి లాగాడు. అందులో నార తాళ్ళు, చుట్టలు చుట్టి ఉన్నాయి. కోతకొకటి చొప్పున నలభై ఒకటి. “అది కళ్ళబడిన రోజుకో ముడి ఏసినాను. మొదటి ఏడు కోతలూ రేవు కాణ్ణించి సూసీవోణ్ణి. తరవాత కంచె కాణ్ణించి.”

పై తాడు తీసి లెక్కపెట్టాను. ఈ ఏడాదిది. పదకొండు ముళ్ళు.

“రెండు ఎక్కువ వేశావు దాలయ్యా. కోత తొమ్మిది రోజులే.”

“ఎక్కువ ఎయ్యలేదమ్మగారూ. లేపిన రోజు కంచె పక్కన ఎండలో కూకుని నాతో మాటాడింది. సాయంత్రం గట్టు పని సేసింది. పండబెట్టిన రోజు పొద్దున్న కంబళ్ళు ఉతికింది. ఆ రెండు రోజులూ అది మేలుకునే ఉంది. అవి రోజులు కావేటి?”

ఇంకో తాడు తీశాను. అరవై ఏడు ముళ్ళు. పుస్తకంలో అరవై అయిదు. ఇంకొకటి. అరవై ఏడు. ఇంకొకటి.

పద్దెనిమిదేళ్ళ నేను, సంఘం మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని, ఒక్క గంట కూడా ఎక్కువ రాశారని ఏ కామందూ అనకూడదని, సగం రోజు రోజు కాదని రాశాను. చట్టంలో లేదది. చట్టం “మెలకువ రోజు” అని మాత్రమే అంది, లెక్కించే పద్ధతి లెక్కరాసేవారిదంది. నా నిజాయితీకి సంఘం పతకం కూడా ఇచ్చింది. కోతకు రెండు రోజులు, నలభై ఒక్క కోతలు. ఎనభై రెండు రోజులు. ప్రతి మనిషి నుంచీ.

9,949, ఎనభై రెండు. 10,031. నూకాలు పోయిన ఏడాదే విడుదలైంది. ఎవరికీ తెలియకుండా, పెట్టెలో పడుకుని.

కామందుల్ని ఇన్నాళ్ళూ అసహ్యించుకున్నాను. వాళ్ళు దోచుకుంటారని అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ దోచిన రోజుల్ని శుభ్రమైన అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాసిపెట్టాను. ఇంతకన్నా రోతైన పని ఇంకోటి ఉంటుందా?

“దాలయ్యా, ఈ తాళ్ళు నాకివ్వు,” అన్నాను.

“ఇవ్వను,” అన్నాడు. “కావాలంటే ఇక్కడ కూకుని లెక్కెట్టుకోండి.”

కూర్చుని లెక్కపెట్టాను. చీకటి పడకముందే ఇంటికొచ్చి పుస్తకం తెరిచి, కొట్టంలో ఉన్న అందరి పేర్లకూ ఎవరికెన్ని కోతలో చూసి దిద్దాను. ఒక్కో దిద్దుబాటు కింద నా సంతకం. ఇన్నాళ్ళలో విడుదలైన కోతవాళ్ళు అరవై ముగ్గురున్నారు, వాళ్ళ పేజీలు తరవాత చూద్దామనుకున్నాను. పోయినవాళ్ళ పేజీలు కూడా. సోములమ్మ పేజీ వచ్చినప్పుడు మాత్రం చదవకుండా తిప్పేశాను.

పడవ జాబితాలో పద్నాలుగు మంది. దిద్దాక పదకొండు మందికి పదివేలు దాటాయి. ముగ్గురికి ఆరు, తొమ్మిది, పదమూడు రోజులు తక్కువ పడ్డాయి.

ఆ ముగ్గురికీ అబద్ధం రాశాను. ఈ సంగతి ఈ నోటుపుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.


వార్షికోత్సవం రోజు.

మన చట్టంలో మంచి వాక్యం ఒకటే ఉంది. లెక్కరాసే మనిషి సంతకంతో తన పేజీ నకలు చేత పట్టుకుని, కాలినడకన కమతం సరిహద్దు వెల్లరాయి దాటినవాళ్ళను ఎవరూ వెనక్కి తీసుకురాకూడదు. కాలినడకన. అంటే పెట్టెలో దాటించడానికి లేదు, బండి మీద దాటించడానికి లేదు. లేపాలి, నడిపించాలి.

ఇవాళ కమతానికి సెలవు. మేస్త్రీలూ కాపలావాళ్ళూ సభా మందిరంలో తోరణాలు కడుతున్నారు. కొట్టం తాళం ఎప్పుడూ నా కొంగుకే ఉంటుంది. తెల్లవారగానే దాలయ్యను లోపలికి తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళలో అతను కంచె ఇవతలికి రావడం ఇదే మొదటిసారి. పద్నాలుగు మీటలు నొక్కాం. పెట్టె వెచ్చబడటానికి మూడు గంటలు. సభ పది గంటలకు.

నూకాలు పెట్టె తెరిచినప్పుడు నుదురు పట్టుకున్నాను. బకెట్టు అందేలోపే నా కొత్త చీర మీద కక్కింది. సభ కోసం నేయించిన ఉప్పునార చీర. పోనీలే అనుకున్నాను, ఆ చీరకు తగిన మరక.

“కోతొచ్చేసినాదేటి బుల్లెమ్మా?”

“లేదు. నీ రోజులు అయిపోయాయి.”

కళ్ళు చిట్లించింది. “ఎప్పుడు?”

దాచాలనిపించింది. దాచలేదు. “పోయిన ఏడాదే. లేపిన రోజులు, పడుకోబెట్టిన రోజులు నేను కలపలేదు. నా తప్పు.”

“పోయినేడే అయిపోతే, మరి మొన్న నన్నెవులు పండబెట్టినారు?”

“నేనే.”

తుడవబోతే నా చేతిలో గుడ్డ లాక్కుంది. తన మూతి తనే తుడుచుకుంది. దిగడానికి నా భుజం ఆసరా ఇవ్వబోయాను, పక్క పెట్టె అంచు పట్టుకుని దిగింది. అది సోములమ్మ పెట్టె. అప్పుడు దాలయ్య వరస చివర నుంచి వచ్చాడు. కంచె లేకుండా మొగుణ్ణి అంత దగ్గర్లో చూసి నూకాలు, “ఇంత ముసిలోడివేటి నువ్వు!” అంది. అని ఏడ్చింది.

కొట్టం నుంచి వెల్లరాయికి మైలు దూరం. పద్నాలుగు మందీ ఒకళ్ళ నడుములు ఒకళ్ళు పట్టుకుని నడిచారు. రెండుసార్లు ఆగి కక్కారు. చేతుల్లో పేజీలు తడిసిపోకుండా నేను అరుస్తూనే ఉన్నాను. రాయి ఇంకా నూరు గజాలుందనగా వెనక నుంచి బండి చప్పుడు వినిపించింది. పేజీ చదవాల్సిన మనిషి సభకు రాకపోతే వెతుక్కుంటూ వస్తారని నేను ఆలోచించలేదు. కోదండపాణి గారు, చిన్నరాయుడు, వెనకాల తోరణాలు కట్టే చేతులతోనే పాతిక మంది.

నేను దారికి అడ్డంగా నిలబడి పుస్తకం తెరిచాను.

“ఏం పని ఇది తిలోత్తమా?” అన్నారు కోదండపాణి గారు దిగుతూ.

“విడుదల. పదివేలు పూర్తయ్యాయి. చూడండి.”

ఆయన చూశారు. దిద్దుబాట్లు చూసి మొహం పాలిపోయింది. “సగం రోజు రోజు కాదని నువ్వే కదా పెట్టావు!”

“తప్పు పెట్టాను.”

“సంఘం సభలో ఆమోదం లేకుండా...”

“లెక్క లెక్కరాసేవారిది. చట్టంలో ఉంది. మీ గోడ మీద కాదు, చట్టంలో.”

చిన్నరాయుడు ముందుకొచ్చాడు. “సగం రోజు పనికి పూర్తి రోజు ఎలా రాస్తారండీ? రేపు ప్రతివాడూ గంట గంటకీ లెక్క చెప్తాడు.”

“ఆ సగం రోజు గట్లు మీవి కావా? ఉతికిన కంబళ్ళు మీవి కావా?”

కోదండపాణి గారు నన్ను పక్కకు లాగి గుసగుసగా అన్నారు. ఆయన నోటి నుంచి యాలకుల వాసన. “పిచ్చిదానా, ఇది ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ మనం విడుదల చేసిన అరవై ముగ్గుర్నీ మనమే అన్నేసి రోజులు అట్టే పెట్టినట్టు కదా? సంఘం పేరేం కాను? నలభై ఏళ్ళ గౌరవం! ఆ పద్నాలుగు మందికీ మరో దారి చూద్దాం. ముందు వాళ్ళను ఆపు.”

ఆయనకు భయం కామందంటే కాదు. మాసిన పేరంటే. ఆ మొహం మీద ఉమ్మాలనిపించింది. నోరు ఎండిపోయి ఉమ్మి రాలేదు.

“మీరే ఆపండి,” అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. సగం రోజు రోజు అవునా కాదా అని మేం వాదించుకుంటున్నంతసేపూ వాళ్ళు ఆగలేదు. నూకాలు ముందు, వెనకాల పదముగ్గురూ, కంకర మీద చెప్పుల్లేని కాళ్ళు ఈడ్చుకుంటూ, వెల్లరాయి దాటేశారు. అవతల దాలయ్య నిలబడి, ఒక్కొక్కళ్ళు దాటినప్పుడల్లా తాడుకు ఒక్కో ముడి వేస్తున్నాడు.


మర్నాడు.

నన్ను పనిలో నుంచి తీసేశారు. పుస్తకం లాక్కున్నారు. నా దిద్దుబాట్లన్నీ ఎర్ర సిరాతో కొట్టేశారట. కొట్టంలో ఇంకా రెండు వందల తొంభై మంది నిద్రపోతున్నారు. దక్షిణ రేవు పడవ ఖాళీగా పోయింది, అంతవరకే.

విడుదలపేట వెళ్ళాను. ఎవరూ కూర్చోమనలేదు. అలా అనాల్సిన పనీ లేదు. గోంగూర మడి పక్కన నిలబడ్డాను. నూకాలు బయటికొచ్చింది. దాని పక్కన, పాత విడుదలవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పేజీ నకళ్ళు రాసి ఇచ్చి, చేతులు కలిపి, అభినందించి పంపినవాళ్ళు.

“బుల్లెమ్మా, పుస్తకం నేదు గాని నీకు గుర్తుందా అందరి లెక్కా?”

“ఉంది.”

“అయితే కాయితం తియ్యి. వీళ్ళందరి దగ్గరా ఎన్నేసి రోజులు లాక్కున్నావో పేరు పేరునా రాయి. రేపు ఆ కాయితం అట్టుకుని అందరం కొట్టం కాడికెల్తాం. లోపల పండినోళ్ళ లెక్క అడగతాం.”

ఈ నోటుపుస్తకంలోనే చివరి పేజీలు తెరిచాను. “ఎవరి పేరు ముందు?”

“సోములమ్మది.”

“నూకాలూ, ఆవిడ లేదు కదా.”

“నేదు కాబట్టే ముందు.”

ముప్పై ఏడో కోత. పోయిన రోజు పుస్తకంలో 9,959. నలభై ఒక్క రోజులు ఉండగా వెట్టిలో మరణం అని నేను చక్కటి అక్షరాలతో రాసిన సంగతి నాకు బాగా గుర్తుంది. లేపిన రోజులు ముప్పై ఏడు, పడుకోబెట్టిన రోజులు ముప్పై ఆరు. డెబ్భై మూడు కలిపాను. మళ్ళీ కలిపాను. నూకాలు నా తల మీదుగా కాగితం కేసి చూస్తూ నిలబడే ఉంది. దానికి చదువు రాదు. “ఏటి రాసినావో పైకి సదువు,” అంది.

నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు. చదివాను.

“సోములమ్మ. విడుదలైన ముప్పై రెండో రోజున, కామందు చేలో మోపు ఎత్తుతూ చనిపోయింది.”